‘ఇష్టం’, ‘చిత్తం’ ఒకటేనా?

ప్రశ్న: మా చర్చి సంఘం పత్రిక కోసం ఒక తల్లి చెప్పిన సాక్ష్యం (తన విశ్వాసానుభవం) రాస్తున్నాను. కొడుకును డాక్టరు చదివించాలని ఆమె పట్టుదల. సీటు రాలేదు. పిల్లవాడు ఇప్పుడు వేరే చదువులో ఉన్నాడు. ‘‘నా ఇష్టాన్ని దేవుని చిత్తానికి అప్పజెప్పినా’’ అంది ఆమె. ఇష్టమన్నా చిత్తమన్నా ఒకటే కదా, పునరుక్తి అవుతుందనుకున్నాను. ‘అప్పజెప్పినా’ మరీ పల్లెమాటగా అనిపించింది. ‘‘అంతా దేవుని ఇష్టానికి వదిలేశాను’’ అని దిద్దాను. సరేనా?
– ఒక ఉపాధ్యాయిని, ప్రొద్దుటూరు

సమాధానం: అమ్మా, మీ దిద్దుబాటు తీసేయండి. ఆ తల్లి నోట వచ్చిన వాక్యమే సరైనది.

సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు తండ్రి అయిన దేవునికి చేసిన ప్రార్థన తెలుగు బైబిల్లో చూడండి: ‘‘నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించునుగాక’’ (లూకా 22:42). గ్రీకు మూలంలో ఇక్కడున్నది ‘థెలేమా’ అన్న ఒక్క మాటే. ‘నా థెలేమా కాదు, నీదే’ అన్నట్టుంటుంది వాక్యం. తెలుగులో అది రెండు మాటలైంది. కొడుకు కోరికకు ఇష్టం, తండ్రి నిర్ణయానికి చిత్తం. మత్తయి 26:39లోనూ అంతే. నాకు ఇది పునరుక్తిగా తోచదు, తెలుగు చెవి చేసిన మంచి ఎంపికగా తోస్తుంది.

సంస్కృతంలో చిత్తమంటే మనసు. వేమన చెప్పిన చిత్తశుద్ధిలో ఉన్నది ఆ అర్థమే. తెలుగు వాడుకలో అది ఇంకో మెట్టెక్కి, పెద్దల మనసులోని నిర్ణయమైంది. ‘తమ చిత్తం’, ‘మీ చిత్తం మా భాగ్యం’, ‘చిత్తగించండి’ – ఇవన్నీ ఎదుటి మనిషిని చూసి అనే మాటలు. మన సొంత కోరికను మాత్రం మామూలుగా ‘నా ఇష్టం’ అనే అంటాం. చిత్తంలో దొరల ముందు చేతులు కట్టుకున్న కాలపు వాసన ఉందని కొందరు నొచ్చుకుంటారు. ఉన్నమాటే. కానీ తోటలో ఆ మాటకు ముందు ‘తండ్రీ’ అన్న పిలుపు ఉంది. ఆ పిలుపు పక్కన నిలబడ్డాక చిత్తం బానిస మాటగా మిగలదు.

ఇక ‘వదిలేశాను’ సంగతి. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. వదిలేయడానికి పుచ్చుకునే చెయ్యి అక్కర్లేదు. చేను బీడుగా వదిలేస్తాం, ఆశ వదిలేస్తాం. అప్పజెప్పాలంటే అవతల ఒకరుండాలి. కడప బస్టాండులో ఒకసారి కువైట్‌కు బయల్దేరిన ఒకామెను చూశాను. ‘‘అమ్మా, పిల్లోన్ని నీకు అప్పజెప్పి పోతాండా’’ అంటూ బిడ్డ చేతిని తల్లి చేతిలో పెట్టింది. పెట్టి కూడా వదల్లేదు. కాగితంలో మడిచిన మాత్రలు తీసి, ఏది పొద్దున, ఏది రాత్రి అని రెండుసార్లు చెప్పింది. బస్సు కదిలాక కిటికీలోంచి మళ్లీ చెప్పింది. పెళ్లిలో అప్పగింతలప్పుడు తండ్రి కన్నీళ్లు పెట్టేదీ అందుకే. చెయ్యి మారుతుంది, ప్రేమ తగ్గదు.

బైబిలు తెలుగులోనూ ఈ క్రియే ఉంది. ‘‘నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము’’ అంటుంది 37వ కీర్తన. సిలువ మీద ‘‘తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను’’ (లూకా 23:46) అన్న మాటలో చెయ్యి కూడా కనిపిస్తుంది. ‘అప్పజెప్పు’ మన సీమ నోట నలిగిన మాట, అంతే. ‘అప్పగించు’ కన్నా తక్కువదేమీ కాదు.

ఇంకొకటి. కోరికే ఉండకూడదని ఈ మాటలకు అర్థం తీయకండి. యేసు ముందు ‘‘ఈ గిన్నె తొలగించు’’ అని, అంటే రాబోయే శ్రమను తప్పించమని అడిగాడు, తర్వాతే ‘నీ చిత్తమే’ అన్నాడు. బైబిల్లోని యాకోబు లేఖ (4:15) ‘‘ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతము’’ అని చెప్పుకోమంటుంది. ‘ఇది అది చేతము’ అన్న తలంపును కొట్టేయలేదు, దాని ముందు ఒక ‘అయితే’ పెట్టింది. అందుకే ఆ తల్లి వాక్యంలో ‘నా ఇష్టాన్ని’ అన్నది ఉండి తీరాలి. మీ దిద్దుబాటులో అది ఎగిరిపోయి, కొడుకు కోసం ఆమె ఎన్నేళ్లు ఆశపడిందో కనబడకుండా పోయింది.

పత్రికలో ‘అప్పజెప్పినా’ అనే వేయండి. ‘అప్పజెప్పాను’ అని కూడా మార్చకండి.