గుర్రం ఆయాసం చూసేటప్పుడు

అల్లుడూ,

గుంతకల్లు పక్కన పశువుల డాక్టరుగా పోస్టింగ్ వచ్చిందని అక్క చెప్పింది. సంతోషం. నీ దగ్గరికి గొర్రెలు, ఎనుములే ఎక్కువ వస్తాయి గానీ అప్పుడప్పుడు పెళ్లి గుర్రాలూ వస్తాయి. "ఆయాసపడుతోంది సార్, ఒక సూది వేయండి" అంటారు. వేయొద్దు.

ఎండలో నడిపించుకొచ్చిన గుర్రాన్ని ముందు అరగంట నీడలో నిలబెట్టించు. తర్వాత దూరం నుంచే ఊపిరి లెక్కపెట్టు. నిమిషానికి 8 నుంచి 16 దాకా ఉంటే సరే. డొక్క చూసి లెక్కపెట్టాల, ముక్కు చూసి కాదు. నువ్వు దగ్గరికి పోతే అది నీ వాసన పసిగడుతూ ముక్కు ఎగరేస్తుంది, లెక్క తప్పుతుంది. పీల్చేటప్పుడు ఈల, గురక వినిపిస్తే తగాదా ముక్కులోనో గొంతులోనో ఉంటుంది. వదిలేటప్పుడు పొట్ట రెండోసారి ఎగదన్నితే ఊపిరితిత్తుల్లో. చాన్నాళ్లు అట్లా దన్నిన గుర్రానికి పక్కటెముకల కింద చారలాగా కండ తేలి ఉంటుంది.

గుర్రం ఊపిరంతా ముక్కుతోనే. రెండు రంధ్రాల ముందూ అరచేయి పెట్టి గాలి సమానంగా తగులుతోందా చూడు. చీమిడి ఒక్కవైపే కారుతూ కంపు కొడుతుంటే పైదవడ పళ్లు చూడకుండా పంపొద్దు.

జ్వరం లేదు, తిండి తింటోంది, దగ్గు మాత్రం నెలలుగా పోవడం లేదు. అట్లాంటి కేసులో నేను మొదట మేత చూస్తాను. వామిలో బూజు పట్టిన వేరుశనగ కట్టెను ఒక పిడికెడు తీసి ఎండలో దులుపు, లేచే దుమ్ము నీకే దగ్గు తెప్పిస్తుంది. అట్లాంటి దగ్గు ఆస్తమా, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. బూజు మేత పారేయించు, మంచిదైనా నీళ్లలో తడిపే పెట్టమను, కొట్టానికి గాలి ఆడేలా చేయించు. మందు రాయకుండా మేత సంగతి చెప్తాడేందని గొణుగుతారు, గొణగనీ.

స్టెతస్కోపులో ఏమీ వినపడకపోతే ముక్కుకు పెద్ద ప్లాస్టిక్ కవరు వదులుగా పట్టి, గట్టిగా ఊపిరి తీసేలా చేసి విను. ఆయాసం ముదిరినదానికి మాత్రం ఆ పని చేయొద్దు.

జ్వరంతో పాటు దవడ కింద గడ్డలు లేస్తే స్ట్రాంగిల్స్ అనే అంటురోగం అనుకో, వెంటనే వేరుగా కట్టించు. ముక్కులోపల పుండ్లు, ఒంటిమీద కణుపులు కనిపిస్తే గ్లాండర్స్ అనే రోగాన్ని అనుమానించాల. అది మనుషులకూ అంటుతుంది. వైద్యం మొదలుపెట్టకుండా గ్లవ్స్, మాస్కు వేసుకో, పై అధికారికి రాసి పంపు. పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆ గుర్రాన్ని ఊరేగింపుకు పంపనీయొద్దు, నీళ్ల బకెట్ కూడా వేరే పెట్టించు.

మీ మామ
అనంతపురం