సింగపూర్ కొత్తగా వచ్చారా? చుట్టుపక్కల దేశాలు చూసే ముందు ఇవి తెలుసుకోండి

ఇల్లు, పిల్లల స్కూలు, బ్యాంకు పనులు ఒక కొలిక్కి రాగానే సింగపూర్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు అడిగే మొదటి మాట, "లాంగ్ వీకెండ్ వస్తోంది, ఎక్కడికెళ్తే బాగుంటుందండీ?" అని. రెండు మూడు గంటల విమాన ప్రయాణంలో ఇన్ని దేశాలు అందే ఊరు దొరకడం నిజంగా అదృష్టమే. దాంతో చాలామంది మొదటి ఏడాదిలోనే నాలుగైదు దేశాలు గబగబా చుట్టేస్తారు. నా సలహా వేరు. ఒక సెలవుకి ఒక్క ఊరు పెట్టుకోండి. ఈ ప్రాంతంలో మన రామాయణ భారతాలు రాతిమీద చెక్కి ఉన్నాయి. వాటి ముందు నిలబడడానికి తీరిక లేకపోతే అంత దూరం వెళ్లి ప్రయోజనం ఏముంది?

ముందు కాగితాల సంగతి. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. లేకపోతే చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. మనవాళ్లకి ఎక్కువ చిక్కు తెచ్చేది పేరు. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది కదా, టికెట్ బుక్ చేసేటప్పుడు తారుమారవుతుంది. లాస్ట్ నేమ్ అన్నచోట పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే కొట్టండి. కొందరికి ఆ గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. అలాంటివాళ్లు ఏం కొట్టాలన్నది ఒక్కో ఎయిర్‌లైన్ ఒక్కోలా చెబుతుంది కాబట్టి డబ్బు కట్టకముందే కనుక్కోవాలి.

వీసా విషయంలో స్నేహితుడు పోయినేడు వెళ్లొచ్చాడని అదే నమ్ముకోకండి. మలేషియా 2023 డిసెంబరు నుంచి, థాయిలాండ్ ఆ మధ్య నుంచి మన పాస్‌పోర్టుకి వీసా మినహాయింపు ఇస్తూ వస్తున్నాయి గానీ, ఇలాంటివి ఎప్పుడైనా మారతాయి. బుక్ చేసే రోజున ఆ దేశపు ఇమిగ్రేషన్ వెబ్‌సైట్ చూసుకోండి. రెండు దేశాలకీ ప్రయాణానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. దానికి పైసా ఖర్చు లేదు. డబ్బు అడిగే సైట్ కనిపించిందంటే అది ప్రభుత్వానిది కాదని అర్థం. వియత్నాంకి ముందే ఈ-వీసా తీసుకోవాలి, సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు. ఇండోనేషియా దిగాక ఇచ్చే వీసాకి 5 లక్షల రుపయ్యా, బాలీ వెళ్తే దానిమీద మరో లక్షన్నర పర్యాటక రుసుము.

అమ్మానాన్నలు విజిటింగ్ వీసామీద వచ్చినప్పుడు వాళ్లని పక్క దేశం తీసుకెళ్లాలని అందరికీ ఉంటుంది. టికెట్ కొనేముందు వాళ్ల సింగపూర్ వీసా కాగితం తీసి చూడండి. అది సింగిలా మల్టిపులా అన్నది అందులోనే రాసి ఉంటుంది. సింగిల్ అయితే సరిహద్దు దాటిన మరుక్షణం ఆ వీసా పని అయిపోయినట్టే. వీల్‌చైర్ కావాలంటే బుకింగ్‌లోనే చెప్పాలి. బీపీ, షుగర్ మందులు డాక్టర్ చీటీతో సహా చేతి సంచీలో ఉండాలి. పెద్దవాళ్ల ఇన్సూరెన్స్‌లో ముందునుంచీ ఉన్న జబ్బులకి వర్తిస్తుందో లేదో చదవకుండా కొనొద్దు.

మలేషియాలోని జొహోర్ వైపు బస్సులో వెళ్లేవాళ్లకి ఒక మాట. శుక్రవారం సాయంత్రం, స్కూలు సెలవులు మొదలయ్యే రోజు, చైనీస్ న్యూ ఇయర్ ముందురోజు ఉడ్‌లాండ్స్ చెక్‌పోస్టు దగ్గర గంటలు గడిచిపోతాయి. కౌలాలంపూర్ బస్సయితే రెండు చెక్‌పోస్టుల్లోనూ దిగాలి. దిగేముందు బస్సు నంబరు ప్లేటు ఫొటో తీసుకోండి, ఒకే రంగు బస్సులు వరసగా నిలబడి ఉంటాయి.

ఎప్పుడు వెళ్లాలన్నది చాలామంది పట్టించుకోరు. సింగపూర్‌లో ఏడాదంతా ఒకటే వాతావరణం కాబట్టి పక్క దేశాలూ అంతే అనుకుంటాం. కంబోడియాలోని అంగ్‌కోర్ గుళ్లకి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి, ఏప్రిల్లో మన రోహిణి కార్తె గుర్తొస్తుంది. మధ్య వియత్నాంలో అక్టోబరు, నవంబరు నెలలు తుఫాన్లు, వరదలు. మలేషియా తూర్పు తీరంలోని రెదాంగ్, పెర్హెంతియన్ దీవులు నవంబరు నుంచి ఈశాన్య రుతుపవనాలకి దాదాపు మూతపడతాయి. ఫుకెట్‌లో వానలు మే నుంచి అక్టోబరు దాకా. టెట్ పండుగ (వాళ్ల కొత్త సంవత్సరం) రోజుల్లో వియత్నాం వెళ్తే దుకాణాలు, హోటళ్లు చాలావరకు మూసే ఉంటాయి. బాలీకి మార్చిలో టికెట్ తీసేముందు న్యేపి ఏ రోజో చూసుకోండి. అది వాళ్ల శక సంవత్సరాది. కొన్నేళ్లు మన ఉగాది రోజే వస్తుంది, 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి. మనం పచ్చడి తిని పంచాంగ శ్రవణానికి వెళ్తే, వాళ్లు దీపం కూడా వెలిగించకుండా మౌనంగా ఇంట్లో ఉంటారు. విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు, పర్యాటకులూ హోటల్ గడప దాటకూడదు. ముందే తెలిసి వెళ్తే ఆ రోజు బాలీలో ఉండడం గొప్ప అనుభవం. తెలియకపోతే విమానమే ఉండదు.

డబ్బు గురించి రెండు మాటలు. కార్డు మెషీన్ "సింగపూర్ డాలర్లలోనా, స్థానిక కరెన్సీలోనా?" అని అడిగితే స్థానికమే నొక్కండి, సింగపూర్ డాలర్లలో అయితే మారకం రేటు మనకి నష్టం. వియత్నాంలో 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలం ఛాయల్లోనే ఉంటాయి. చీకట్లో టాక్సీవాడికి ఇచ్చేటప్పుడు సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి, ఐదు లక్షల నోట్లు పర్సులో వేరే అరలో ఉంచండి. కంబోడియాలో డాలర్లు చెల్లుతాయి గానీ కాస్త చిరిగినా, గీత ఉన్నా తీసుకోరు. సింగపూర్‌లో మార్చుకునేటప్పుడే కొత్త నోట్లు, చిన్న నోట్లు అడిగి తీసుకోండి. చిల్లర రియెల్స్‌లో వస్తుంది, డాలరుకి సుమారు 4 వేలు.

శాకాహారులు భయపడాల్సిన పనిలేదు, జాగ్రత్త మాత్రం కావాలి. కూరగాయల వేపుడు అన్నా అందులో ఫిష్ సాస్ ఉంటుంది, రొయ్యల ముద్ద ఉంటుంది. "మాంసం వద్దు" అంటే సరిపోదు, వాళ్ల దృష్టిలో అది మాంసం కాదు. థాయిలాండ్‌లో పసుపు జెండామీద ఎర్ర అక్షరాలున్న దుకాణం వెతకండి, "జే" (శుద్ధ శాకాహారం) అని అడగండి. వియత్నాంలో "చాయ్" (Chay, టీ కాదు, శాకాహారం అని) బోర్డున్న భోజనశాలలు బౌద్ధ పద్ధతివి, నిశ్చింతగా తినొచ్చు. ఆవకాయ సీసా తీసుకెళ్తే చెకిన్ పెట్టెలో పెట్టండి. నూనె ఉన్నదాన్ని చేతి సంచీలో రానివ్వరు. పవర్ బ్యాంకు దానికి సరిగ్గా వ్యతిరేకం, చేతి సంచీలోనే ఉండాలి.

ఇక చూడాల్సినవి. ఒక్కటే చెప్పమంటే అంగ్‌కోర్ అంటాను. దాని పక్క ఊరు సియెమ్ రీప్‌కి సింగపూర్ నుంచి నేరుగా విమానాలున్నాయి. 2023లో తెరిచిన కొత్త విమానాశ్రయం ఊరికి దూరం, గంట ప్రయాణం వేసుకోండి. థాయిలాండ్ నుంచి రోడ్డుమీద వెళ్లే ఆలోచన మానుకోండి, 2025 ఘర్షణల తర్వాత ఆ సరిహద్దు దారులు మూతపడ్డాయి. టికెట్ ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62. మూడు రోజులదే తీసుకోండి. వరసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వెళ్లొచ్చు. ఒక్క రోజులో అన్నీ చూపిస్తామనే ప్యాకేజీ తీసుకున్నవాళ్లు మధ్యాహ్నానికే ఎండకి డస్సిపోయి, తర్వాత చూసిన ప్రతి గుడినీ ఒకేలా ఉందంటారు.

సూర్యోదయం కోసం అందరూ చీకటితోనే అంగ్‌కోర్ వాట్ గుడి కొలను దగ్గరికి చేరతారు. గుడి పడమటి ముఖంగా ఉండడంతో సూర్యుడు గోపురాల వెనకనుంచి లేస్తాడు. చూడండి, బాగుంటుంది. అసలు సంగతి ఆ తర్వాత. సూర్యుడు పైకి రాగానే జనం టిఫిన్లకి హోటళ్లకి వెళ్లిపోతారు. మీరు మాత్రం లోపలికి నడవండి. పడమటి ద్వారంలోంచి మొదటి ప్రాకారంలోకి రాగానే కుడివైపు తిరిగితే గోడ పొడవునా కురుక్షేత్రం. ఎడమనుంచి కౌరవ సేన, కుడినుంచి పాండవ సేన కదిలొస్తూ మధ్యలో కలబడతాయి. గోడకి ఎడమవైపు కాస్త పైన చూడండి, అంపశయ్యమీద భీష్ముడు. మా అమ్మగారు అక్కడ ఆగిపోయి, గైడు నోరు తెరవకముందే మా పిల్లలకి కథ చెప్పడం మొదలుపెట్టారు. ఖ్మేర్ (కంబోడియా) గైడు పక్కన నిలబడి శ్రద్ధగా విన్నాడు. భాష రాకపోయినా ఆవిడ వేలు ఎటు చూపిస్తోందో అతనికి తెలుసు.

అక్కణ్ణుంచి గుడిని ఎడమచేతివైపు ఉంచుకుని నడవాలి, అంటే మన ప్రదక్షిణానికి ఎదురు దిశ. బొమ్మల వరుస అలాగే సాగుతుంది. దక్షిణపు గోడమీద గుడి కట్టించిన రెండో సూర్యవర్మ ఊరేగింపు, తర్వాత యముడి కొలువు, స్వర్గాలు, నరకాలు. తూర్పుకి తిరిగితే క్షీరసాగర మథనం. దాదాపు 50 మీటర్ల గోడ, ఒకపక్క అసురులు, ఒకపక్క దేవతలు, మధ్యలో విష్ణువు. కింద నీళ్లలో చేపలు, మొసళ్లు మందరగిరి దగ్గరికొచ్చేసరికి ముక్కలై కనిపిస్తాయి. చిలికే వేగం అంతన్నమాట! 12వ శతాబ్దపు శిల్పి ఆ ఒక్క వివరంలో కనిపిస్తాడు. గోడని ముట్టుకోకండి, పిల్లల్నీ ముట్టుకోనివ్వకండి. తాకితాకి నల్లగా మెరిసిపోయిన చోట్లు చాలానే ఉన్నాయి. పైఅంతస్తుకి ఎక్కాలంటే భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి, మెట్లు బాగా నిటారు.

రెండో రోజు బాయొన్ ముఖాలు, తా ప్రోమ్ చెట్ల వేళ్లు. తా ప్రోమ్ పునరుద్ధరణలో మన పురావస్తు శాఖ చాలా ఏళ్లు పనిచేసింది. మూడో రోజు పొద్దున్నే బంతెయ్ స్రెయ్. క్రీస్తుశకం 967 నాటి ఎర్రరాతి గుడి, చిన్నది. కైలాసాన్ని ఎత్తుతున్న రావణుడు అక్కడ ఉన్నాడు. ఎంతో సన్నటి పనితనం, దగ్గరగా నిలబడి చూడాలి.

కంబోడియా పేరు వచ్చింది కాబట్టి ఒకటి చెప్పితీరాలి. ఊళ్లో తమ్ముళ్లకో, మరుదులకో "అక్కడ డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం" అని ఏజెంటు చెబితే వెంటనే ఆపండి. అలా వెళ్లిన మన కుర్రాళ్లు పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించే ముఠాల చేతిలో చిక్కుకున్నారు. చూడ్డానికి వెళ్లే యాత్రికుడికి మాత్రం ఆ దేశం ఎంతో మర్యాద చేస్తుంది.

ఇండోనేషియాలోని జావాలో యోగ్యకర్తా ఊరు పెట్టుకుంటే ప్రంబానన్ గుళ్లు, బోరోబుదూర్ బౌద్ధ స్తూపం రెండూ అవుతాయి. ప్రంబానన్ శివాలయం చుట్టూ రామాయణం, ఇక్కడ మాత్రం మన పద్ధతిలో ప్రదక్షిణంగా నడవాలి. మిగతా కథ పక్కనే ఉన్న బ్రహ్మ ఆలయం మీద సాగుతుంది. బోరోబుదూర్ పైకి ఎక్కేవాళ్ల సంఖ్యకి రోజువారీ పరిమితి ఉంది, టికెట్ ముందే తీసుకోవాలి. వియత్నాంలో హోయ్ ఆన్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది లాంతర్ల ఫొటోలతో వెనక్కొచ్చేస్తారు. ఒక పూట "మీ సొన్" (My Son) గుళ్లకి కేటాయించండి. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజుల శివాలయాలవి. 1969 బాంబు దాడుల్లో బాగా దెబ్బతిన్నాయి, ఈమధ్య మన పురావస్తు శాఖే కొన్నింటిని బాగుచేసింది. 2020లో ఆ పనుల్లోనే ఏకశిలా శివలింగం బయటపడింది.

బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్ ఆవరణలో ఎమరాల్డ్ బుద్ధుడి గుడి ప్రాకారం చుట్టూ రామకియన్ (థాయి రామాయణం) చిత్రాలు 178 ఉన్నాయి. గేటు దగ్గరికి చేరకముందే ఎవరో మర్యాదగా పలకరించి "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, వేరే గుడికి తీసుకెళ్తా" అంటారు. మాట్లాడకుండా గేటు దాకా నడవండి, తెరిచే ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో చూయింగ్ గమ్, ఈ-సిగరెట్ సంచీలో ఉండకూడదు. సిగరెట్లు ఒక్క పెట్టె ఉన్నా రెడ్ ఛానల్‌లో చెప్పి సుంకం కట్టాలి. మలేషియా నుంచి వస్తున్నవాళ్లకి మద్యం మీద డ్యూటీ-ఫ్రీ రాయితీ లేదు, జొహోర్‌లో చవగ్గా ఉందని కొనుక్కురాకండి.