ఇంగ్లిష్ సాహిత్యంలో పీహెచ్‌డీకి అమెరికా వెళ్లాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఎంఏ ఇంగ్లిష్ చేసి ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. జీతం 28 వేలు. మూడున్నర లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. అమెరికాలో ఇంగ్లిష్ సాహిత్యంలో పీహెచ్‌డీ చేయాలని ఎన్నాళ్లుగానో కోరిక. ముందు అక్కడ ఇంకో ఎంఏ చేస్తే పీహెచ్‌డీ సీటు తేలికగా వస్తుందని కన్సల్టెంట్ అంటున్నారు. దానికి 40 లక్షల లోన్ కావాలి. రిటైరైన నాన్నగారు ఇల్లు తాకట్టు పెడతానంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ఇంటి సంగతి దగ్గర ఆగిపోయాను. ముందు అదే తేల్చుకుందాం. ఆ ఇల్లు తాకట్టు పెట్టొద్దు. అలాగని మీ కోరిక మానుకోమనడం లేదు. పీహెచ్‌డీకి ఆ 40 లక్షలతో అసలు పని లేదు.

అమెరికాలో పేరున్న యూనివర్సిటీల్లో ఇంగ్లిష్ పీహెచ్‌డీకి విద్యార్థులు చాలావరకు ట్యూషన్ ఫీజు కట్టరు. ఆ ఫీజు మాఫీ చేసి, ఖర్చులకు స్టైపెండ్ కూడా ఇస్తారు. మామూలుగా ఐదేళ్లకు హామీ ఉంటుంది. బదులుగా మీరు డిగ్రీ విద్యార్థులకు రైటింగ్ క్లాసులు చెప్పడమో, ఒక ప్రొఫెసర్ దగ్గర టీచింగ్ అసిస్టెంట్‌గా ఉండడమో చేయాలి. చాలాచోట్ల ఎంఏ లేకపోయినా, డిగ్రీ అయినవాళ్లను నేరుగా పీహెచ్‌డీలోకి తీసుకుంటారు. మీకు ఎంఏ ఉంది, పాఠాలు చెప్పిన అనుభవమూ ఉంది. సొంత డబ్బు పోసి మళ్లీ ఎంఏ చదవడానికి కారణం నాకు కనిపించలేదు. ఎంఏ వాళ్లకు కూడా అసిస్టెంట్‌షిప్ ఇచ్చే స్టేట్ యూనివర్సిటీలు కొన్ని ఉన్నాయి. ఎంఏకి అప్లై చేస్తే అలాంటి వాటికే చేయండి.

ఇప్పుడు ఆ లోన్ లెక్క చూడండి. 40 లక్షలు, 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు 53 వేలు కట్టాలి. చదివే రెండేళ్లలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. ఆ నెల వాయిదా ఒక్కటే మీ ఇప్పటి జీతానికి దాదాపు రెట్టింపు. ‘అక్కడ ఉద్యోగం చేసి తీర్చేయొచ్చు’ అని ఎవరైనా అంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. కంప్యూటర్ సైన్స్ లాంటి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులు చదివినవాళ్లకు చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు, పొడిగింపుతో మరో 24 నెలలు, మొత్తం మూడేళ్లు పనిచేసే వీలుంటుంది. ఇంగ్లిష్ సాహిత్యం స్టెమ్ జాబితాలో లేదు. కాబట్టి మీకు ఉండేది 12 నెలలే. అదీ మీ చదువుకు సంబంధించిన పనే అయ్యుండాలి. బంధువుల పిల్లలు ఎంఎస్ చేసి లోన్ తీర్చేశారు కదా అని ఇంట్లో ధైర్యంగా ఉంటారు. మీ సబ్జెక్టుకు ఆ లెక్క నప్పదు. నాన్నగారికి ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

పీహెచ్‌డీ చేశాక కూడా పరిస్థితి తేలిగ్గా ఉండదు. ఇంగ్లిష్ శాఖల్లో పర్మినెంట్ ప్రొఫెసర్ ఉద్యోగాలు 2008 మాంద్యం తర్వాత బాగా పడిపోయాయి, మళ్లీ ఆ స్థాయికి రాలేదు. పీహెచ్‌డీకి చాలామందికి ఆరేడేళ్లు పడుతుంది. అంటే ముప్పై దాటాక, పెద్దగా పొదుపు లేకుండా మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటారు. అయినా చదవాలనిపిస్తే తప్పకుండా చదవండి. ఇష్టమైన పుస్తకాల మధ్య, స్టైపెండ్‌తో, అప్పు లేకుండా గడిపే ఆరేళ్లు వృథా కావు. అప్పుతో వెళితే మాత్రం ఆ ఆరేళ్లూ టెన్షన్‌తోనే గడుస్తాయి.

ఇక దరఖాస్తుల ఖర్చు. ఒక్కో యూనివర్సిటీకి ఫీజు ఎక్కువగా 75 నుంచి 125 డాలర్ల మధ్య ఉంటుంది. యూనివర్సిటీల లెక్క పెంచుకుంటూ పోకుండా ఎనిమిదింటి దగ్గర ఆపండి. అంటే సుమారు 800 డాలర్లు. విదేశీ విద్యార్థులకు ఫీజు మినహాయింపు అన్నిచోట్లా ఉండదు. అయినా శాఖకు మెయిల్ రాసి అడగండి, అడిగితే పోయేదేమీ లేదు. జీఆర్ఈ ఫీజు కట్టేముందు మీ ఎనిమిది శాఖలూ దాన్ని అడుగుతున్నాయో లేదో చూడండి. చాలా ఇంగ్లిష్ శాఖలు ఇప్పుడు అడగడం లేదు. సాహిత్యానికి ప్రత్యేకంగా ఉన్న జీఆర్ఈ సబ్జెక్ట్ టెస్టునైతే 2021లోనే ఎత్తేశారు. ఆ పేరుతో ఎవరైనా కోచింగ్ అమ్మితే డబ్బు కట్టకండి. మీరు చదివిందంతా ఇంగ్లిష్ మీడియంలోనే అయితే టోఫెల్, ఐఈఎల్టీఎస్ నుంచి కూడా మినహాయింపు దొరికే చోట్లు ఉన్నాయి. మార్కుల మెమోలు మొదట స్కాన్ కాపీలు సరిపోతాయి. అసలైనవి సీటు వచ్చాక పంపమంటారు.

ఫీజు కట్టేముందు ఆ ఏడాది అడ్మిషన్లు ఉన్నాయో లేదో కూడా శాఖ పేజీలో చూసుకోండి. 2025లో కొన్ని యూనివర్సిటీలు హ్యూమానిటీస్ పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కొన్ని ఒక ఏడాదికి ఆపేశాయి కూడా. సీట్లు మామూలుగానే తక్కువ. వందల దరఖాస్తుల్లోంచి పదిమందికి అటూఇటూగా తీసుకుంటారు. వాళ్లు ముఖ్యంగా చూసేది మీ రైటింగ్ శాంపిల్, అంటే ఇరవై పేజీల దాకా ఉండే మీ విమర్శ వ్యాసం. దానికి ఖర్చేమీ లేదు, సమయం మాత్రం కావాలి. గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటాయి. ఈ వేసవి సెలవులు పూర్తిగా దానికే పెట్టండి.

ఆఫర్ లెటర్ వచ్చాక స్టైపెండ్ అంకె ఒక్కటే చూసి సంతోషపడకండి. అది 9 నెలలకా, 12 నెలలకా? ఎఫ్-1 వీసాపై, అంటే విద్యార్థి వీసాపై, సెమిస్టర్ జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయాలి. అసిస్టెంట్‌షిప్‌తోనే ఆ గంటలు చాలాచోట్ల నిండిపోతాయి. మొదటి ఏడాది బయట పనికి వీల్లేదు. అంటే స్టైపెండ్ తప్ప వేరే ఆదాయం ఉండదు. వేసవిలో ఏం ఇస్తారు, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, ట్యూషన్ మాఫీ అయినా మిగిలే ఫీజులు ఎన్ని అని రాతపూర్వకంగా అడగండి. స్టైపెండ్‌పై పన్ను పడుతుంది. అయితే భారత విద్యార్థులకు రెండు దేశాల పన్ను ఒప్పందం 21వ అధికరణ కింద స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. ఇది వేరే దేశాల విద్యార్థుల్లో చాలామందికి లేదు.

వెళ్లడానికి మీ డబ్బు సరిపోతుంది, కానీ బొటాబొటిగా. మూడున్నర లక్షల్లో దరఖాస్తులకు, పరీక్షలకు కలిపి లక్షా 20 వేలు దాటనివ్వకండి. మిగతాదాంట్లో సేవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు, విమానం టికెట్, అద్దె అడ్వాన్సు రావాలి. స్టైపెండ్ మొదటిసారి చేతికి రావడానికి నెల, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అందుకే ఇప్పటినుంచి బయల్దేరేదాకా నెలకు 8 వేలు ఆర్‌డీలో వేయండి. ఉద్యోగం మాత్రం వీసా చేతికి వచ్చేదాకా వదలకండి.

స్టైపెండ్‌తో వచ్చే ఆఫర్లకు ఏప్రిల్ 15 వరకు జవాబివ్వక్కర్లేదని అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్లలో చాలావాటి మధ్య ఒప్పందం ఉంది. దానికి ఒప్పుకున్న యూనివర్సిటీ అంతకుముందే తేల్చమని ఒత్తిడి చేస్తే ఆ తేదీని గుర్తుచేయండి. ఈసారి ఒక్కటీ రాకపోతే వ్యాసం మార్చి వచ్చే ఏడాది మళ్లీ అప్లై చేయండి. రెండు మూడు వస్తే ఆ లెటర్లు పట్టుకుని నాకు రాయండి. ఊరి అద్దెలు, స్టైపెండ్, ఇన్సూరెన్స్ పక్కపక్కన పెట్టి కలిసి చూద్దాం.