‘బహుశా’ అన్న మాటకు ఎంత బరువు?

గవర్నర్‌పేట, విజయవాడ

అమ్మాయీ,

సైబర్ సెక్యూరిటీ, ఇంటెలిజెన్స్ స్టడీస్ చెప్పే ప్రొఫెసర్ గారి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ నిండా చీకటి గది, ముసుగు వేసుకున్న హ్యాకరే. ఆయన ఇన్నేళ్లూ చేసిన పని అది కాదమ్మా. చేతికొచ్చిన మాటను ఎంతవరకు నమ్మొచ్చో తేల్చడం ఆయన పని. అది రాయి.

షెర్మన్ కెంట్ గురించి ఆయన్ని అడుగు. కెంట్ యేల్ యూనివర్సిటీలో చరిత్ర పాఠాలు చెప్పి, యుద్ధకాలంలో గూఢచార విశ్లేషణలోకి వెళ్లి, తర్వాత అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో అంచనాల విభాగానికి పెద్ద అయ్యారు. 1951లో యుగోస్లావియా మీద దాడికి ‘గట్టి అవకాశం’ ఉందని ఆయన బృందం ఒక నివేదిక ఇచ్చింది. గట్టి అంటే ఎంత అని తర్వాత తన వాళ్లనే అడిగారాయన. ఒకరి లెక్కలో అది నూటికి 20 పాళ్లు, ఇంకొకరి లెక్కలో 80. అందరూ కలిసి ఒప్పుకున్న వాక్యమే అది!

మన తెలుగులో చూడు. చేశాడు, చేశాడట, చేసినట్టుంది, చేసి ఉండొచ్చు. నాలుగూ ఒకటి కావు. నువ్వు ఒకే దాడి గురించి మూడు చోట్ల మూడు రకాలుగా రాశావు.

ఈ తప్పు నేనూ చేశాను. సందుకో నెట్ సెంటర్ ఉన్న రోజుల్లో ఒక బెదిరింపు మెయిల్ మీద వార్తాకథనం రాస్తూ, ‘పంపింది ఆ సెంటర్ వాళ్లే’ అనేశాను. నా దగ్గరున్నది ఐపీ అడ్రస్ ఒక్కటే. మెయిల్ ఏ కనెక్షన్ నుంచి వెళ్లిందో అది చెబుతుంది, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో చెప్పదు. సెంటర్ ఓనరు పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. “మా పిల్లల్ని బళ్లో అడుగుతున్నారండీ” అన్నాడు. సవరణ వేయించాను. కథనం చదివినవాళ్లందరూ సవరణ చదవరు కదా. ఆయన ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంకొకటి. ఒకరినొకరు ఎరగని ముగ్గురు గూఢచారులు ఒకే మాట చెబితే నమ్మమంటుంది కౌటిల్యుడి అర్థశాస్త్రం. నువ్వు మాట్లాడిన ముగ్గురు శిష్యులూ ఒకే స్నేహితుడి దగ్గర విన్నారు. అది ఒక్క సాక్ష్యమే.

నీ వ్యాసానికి ప్రాణం మూడో పేజీలో దాగుంది. పటమటలో ఆ రిటైర్డ్ టీచరమ్మ దొంగ పోలీసుల వీడియో కాల్ ముందు గంటల తరబడి టెన్షన్‌తో కూర్చోవడం, ‘డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలోనే లేదమ్మా, ముందు ఆ కాల్ కట్ చేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి’ అని ప్రొఫెసర్ గారు చెప్పడం. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దాటిపోకముందే ఆపాలని ఆయన తొందర. అక్కడ మొదలుపెట్టు.

ఆయన అంచనా తప్పిన సందర్భం ఒకటైనా అడిగి తెలుసుకో. ఆదివారం కాగితాలు తీసుకుని రా, కూర్చుని చూద్దాం.

మీ మాస్టారు