రెండో లింకు ఏ దారిన వస్తుందో ముందు అడుగు

నల్లగొండ

చిరంజీవి శ్రీకాంత్‌కు పెదనాయన ఆశీస్సులు.

మీ కంపెనీకి విదేశీ ఇంటర్నెట్ లింకులు కుదుర్చుకునే పని నీకు అప్పగించారని మీ నాయన చెప్పాడు. టెలికాం ట్రాన్స్‌మిషన్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక నాకు తోచింది రాస్తున్నాను.

ఒకటి తెగినా రెండోది ఉంటుందని ఇద్దరు ప్రొవైడర్ల దగ్గర రెండు లింకులు తీసుకున్నంత మాత్రాన రెండు దారులు దొరికినట్టు కాదు. ఇద్దరూ ఒకే సముద్ర కేబుల్‌లో వాటా కొని ఉండవచ్చు. కేబుళ్లు వేరైనా ఎర్ర సముద్రంలో పక్కపక్కనే పోతుండవచ్చు. 2024 ఫిబ్రవరిలో అక్కడ ఏఏఈ-1, సీకామ్, ఈఐజీ అనే మూడు కేబుళ్లు తెగాయి. యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల క్షిపణి తగిలి కొట్టుకుపోతున్న రుబిమార్ నౌక లంగరే అందుకు కారణమై ఉంటుందని అంచనా. అందుచేత ధర మాట ఎత్తకముందే కేబుల్ పేరు, అది మన ఒడ్డు చేరే ల్యాండింగ్ స్టేషను, అక్కడినుంచి హైదరాబాద్ దాకా భూమిలో వచ్చే మార్గం రాతపూర్వకంగా తీసుకో. ఒకటి ముంబయి నుంచి పడమరకు, మరొకటి చెన్నై నుంచి సింగపూర్ వైపు ఉంటే మంచిది. తూర్పు దారికీ గండాలు లేకపోలేదు; 2006 డిసెంబరులో తైవాన్ దగ్గర వచ్చిన భూకంపం ఒక్కసారే అనేక కేబుళ్లను తెంపింది. రెండు లింకులూ మీ ఆఫీసు ముందు ఒకే కందకంలో కలిస్తే సముద్రంలో చూపిన జాగ్రత్తంతా ఒక జేసీబీ పాలవుతుంది. మన దగ్గర రోడ్లు వెడల్పు చేసినప్పుడల్లా ఈ తంతు చూస్తూనే ఉన్నాం.

శత్రుదేశాల విద్రోహం గురించి పత్రికలు ఎక్కువ రాస్తాయి. అది కొట్టిపారేయదగ్గది కాదు గాని, ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 150 నుంచి 200 దాకా కేబుళ్లు దెబ్బతినే ఘటనల్లో అత్యధికం చేపల వలల వల్లా లంగర్ల వల్లా జరుగుతున్నవే. కేబుల్‌లో పోయే సమాచారాన్ని దొంగచాటుగా వింటారన్న భయానికి మీ చివరనే ఎన్‌క్రిప్షన్, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి పంపే ఏర్పాటు, పెట్టుకోండి.

కొన్ని గంటల్లో బాగుచేస్తామనే హామీని సముద్ర భాగానికి నమ్మవద్దు. మరమ్మతు నౌక రావాలి, ఆ దేశపు అనుమతులు కావాలి, వాతావరణం అనుకూలించాలి. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి టోంగా కేబుల్ తెగితే ప్రధాన లింకు పునరుద్ధరణకు సుమారు ఐదు వారాలు పట్టింది. కనుక మరమ్మతు గడువుకంటే, తెగిన వెంటనే వేరే కేబుల్ మీదికి మళ్లిస్తారా, అందుకు అదనపు రుసుము ఎంత అన్నది ఒప్పందంలో రాయించు.

లింకులు వచ్చాక, పనిదినాన ముందే అందరికీ చెప్పి ప్రధాన లింకును ఆపి చూడు. యూరప్ ట్రాఫిక్ తూర్పు నుంచి చుట్టూ తిరిగి వెళ్తే ఆలస్యం బాగా పెరుగుతుంది; మీ సాఫ్ట్‌వేర్ దాన్ని తట్టుకుంటుందో లేదో అప్పుడే తెలుస్తుంది. కొటేషన్లు వచ్చాక, సంతకం చేయకముందు ఒకసారి నాకు పంపు.

మీ పెదనాయన