డెబ్బై దాటిన అమ్మకు ఏ ఆరోగ్య రక్షణ మేలు?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మగారికి 72 ఏళ్లు. ఆయుష్మాన్ కార్డు తీసుకుంటే, ఏటా ప్రీమియం కడుతున్న ప్రైవేటు పాలసీని వదులుకోవాలా? విశాఖపట్నంలో వైద్యానికి ఆ కార్డు చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: వదులుకోనక్కరలేదు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స అందించే ఈ ఆయుష్మాన్ వయో వందన కార్డును, ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా పొందవచ్చు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం) వంటి ప్రభుత్వ పథకంలో ఉన్నవారు మాత్రమే రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి.

దేశంలో ఈ పథకం కింద నమోదైన ఏ ఆసుపత్రిలోనైనా కార్డు చెల్లుతుంది కనుక విశాఖకూ వెళ్లవచ్చు. అయితే ఆసుపత్రి నమోదైనంత మాత్రాన అన్ని విభాగాలూ పథకంలో ఉన్నట్టు కాదు. మీకు కావలసిన చికిత్స అందులో ఉందో లేదో బయలుదేరే ముందే పథకం హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేసి, చేరే ముందు అక్కడి ఆయుష్మాన్ మిత్రను (ఆసుపత్రిలో ఈ పథకం రోగులకు సాయపడే ఉద్యోగిని) అడిగి నిర్ధారించుకోండి. చేరకుండా చేయించుకునే పరీక్షలకు, నెలనెలా కొనే మందులకు ఇది వర్తించదు.

ప్రీమియం భారమే అయినా, స్తోమత ఉన్నంతకాలం పాలసీని కొనసాగించమనే నా సలహా. ఒకసారి ఆపితే ఈ వయసులో కొత్తది దొరకడం కష్టం. దొరికినా, ఉన్న జబ్బులకు పాలసీ వర్తించని నిరీక్షణ కాలం (మూడేళ్ల వరకు) మళ్లీ మొదలు కావచ్చు.