ప్రెసిడెంట్‌ను బోర్డు సాగనంపుతుంటే అధ్యాపకుల మద్దతు పనిచేస్తుందా?

మీరు అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. టెన్యూర్ (తేలిగ్గా తీసేయలేని శాశ్వత ఉద్యోగ హోదా) ఇంకా రాలేదు, హెచ్-1బి వీసా మీద ఉన్నారు. మీ యూనివర్సిటీ ప్రెసిడెంట్‌ను, అంటే మన వీసీలాంటి ఆయన్ని, పాలక బోర్డు తీసేసేలా ఉంది. అధ్యాపకులు వెనక నిలబడితే ఆయన పదవి నిలుస్తుందా, మద్దతు లేఖ మీద మీరు సంతకం పెట్టాలా అని అడిగారు.

నిలవచ్చు. కానీ ఒక్క అధ్యాపకుల బలంతోనే ప్రెసిడెంట్ నిలబడ్డ సందర్భం నాకు తెలిసి లేదు. అధ్యాపకుల ప్రతినిధులుండే ఫ్యాకల్టీ సెనేట్ ఏ తీర్మానం చేసినా దానికి చట్టపరమైన బలం ఉండదు. ప్రెసిడెంట్‌ను పెట్టే అధికారమూ తీసే అధికారమూ బోర్డువే. ఆ బోర్డును వేసేవాళ్ళు ఎటువైపు ఉన్నారన్నది ముందు చూడాలి, ఎన్ని సంతకాలు పడ్డాయన్నది తర్వాత.

అందరూ చెప్పుకునే ఉదాహరణ 2012లో వర్జీనియా యూనివర్సిటీది. థెరీసా సల్లివాన్ అక్కడ తొలి మహిళా ప్రెసిడెంట్, వచ్చి రెండేళ్ళు కూడా నిండలేదు. జూన్ 10, ఆదివారం, ఆమె రాజీనామా చేస్తున్నారని ప్రకటన వచ్చింది. అసలు జరిగిందేమిటంటే, బోర్డుకు నాయకత్వం వహించే రెక్టర్ హెలెన్ డ్రాగస్ సభ్యులతో విడివిడిగా మాట్లాడి ఓట్లు కూడగట్టుకున్నారు. అంతకు రెండు రోజుల ముందు వైస్ రెక్టర్‌తో కలిసి వెళ్ళి, మీరు తప్పుకోండి అని సల్లివాన్‌కు చెప్పారు. దీనికోసం బోర్డంతా ఒక్కసారి కూడా కూర్చుని చర్చించలేదు. కారణం అడిగితే ఆలోచనా విధానంలో తేడాలు అన్నారు. ఆన్‌లైన్ చదువుల విషయంలో యూనివర్సిటీ నెమ్మదిగా నడుస్తోందన్న కంగారు బోర్డులో ఉందని, పత్రికల్లో వచ్చిన వ్యాసాలను ఒకరికొకరు పంపుకున్నారని తర్వాత బయటపడ్డ ఈమెయిళ్ళలో తేలింది. వాటిని సమాచార చట్టం కింద అడిగి బయటికి లాగింది అక్కడి విద్యార్థి పత్రిక. చెప్పుకోవాల్సిన సంగతి ఇది.

సెనేట్ బోర్డు మీద అవిశ్వాసం ప్రకటించింది. జూన్ 17న అత్యవసర సమావేశం పెడితే వందల మంది వచ్చారు. యూనివర్సిటీలో రెండో స్థానంలో ఉన్న ప్రోవోస్ట్ జాన్ సైమన్ అక్కడే లేచి, బోర్డు ఏం చేస్తుందో చూసి తాను ఉండాలో వద్దో తేల్చుకుంటానన్నారు. ఇంత జరిగినా బోర్డు మర్నాడు మొదలుపెట్టిన సమావేశాన్ని అర్ధరాత్రి దాటించి, తెల్లవారుజామున రెండున్నరకు తాత్కాలిక ప్రెసిడెంట్‌గా కామర్స్ స్కూల్ డీన్ కార్ల్ జైథామల్‌ను నియమించింది. కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద పేరున్న విలియం వుల్ఫ్ ఆ తర్వాత నిరసనగా ఉద్యోగమే వదిలేశారు. అప్పటికి అధ్యాపకులు ఓడిపోయినట్టే.

ఆ తర్వాత మూడు జరిగాయి. వైస్ రెక్టర్ రాజీనామా చేశారు. తాత్కాలిక ప్రెసిడెంట్ తన బాధ్యతలను పక్కన పెట్టేశారు. గవర్నర్ బాబ్ మెక్‌డానెల్, 26వ తేదీకల్లా దీన్ని తేల్చకపోతే బోర్డు సభ్యులందరినీ రాజీనామా అడుగుతానని లేఖ రాశారు. ఆ 26న బోర్డు ఏకగ్రీవంగా సల్లివాన్‌ను మళ్ళీ కూర్చోబెట్టింది, డ్రాగస్ కూడా అనుకూలంగానే ఓటేశారు. సల్లివాన్ 2018 దాకా ఉన్నారు. అధ్యాపకుల గొడవ లేకపోతే గవర్నర్ ఆ లేఖ రాసేవారు కాదు, నిజమే. కానీ ఆ లేఖే లేకపోతే అధ్యాపకుల గొడవతో ఎంతవరకు వెళ్ళేవాళ్ళో నాకు అనుమానమే.

దీనికి ఏడు నెలల ముందు ఆరెగాన్ యూనివర్సిటీలో సరిగ్గా తిరగబడింది. అక్కడి ప్రెసిడెంట్ రిచర్డ్ లారివియర్ సంస్కృత పండితుడు, ధర్మశాస్త్రాల మీద, నారదస్మృతి మీద పనిచేసిన మనిషి. జీతాలు పెంచొద్దని గవర్నర్ చెప్పినా అధ్యాపకులకు పెంచారు. యూనివర్సిటీకి సొంత బోర్డు కావాలని పట్టుబట్టారు. అధ్యాపకులు, విద్యార్థులు, పెద్ద దాతలు ఆయన వైపే. ఆయన ఎప్పుడూ పెట్టుకునే టోపీ లాంటివి పెట్టుకుని మరీ మద్దతుగా వచ్చారు జనం. కానీ గవర్నర్ జాన్ కిట్జ్‌హాబర్ బోర్డు పక్షాన ఉన్నారు. 2011 నవంబర్ 28న రాష్ట్ర బోర్డు ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఆయన్ని తీసేసింది. అధ్యాపకులకు దక్కింది ఏమిటంటే, తాత్కాలిక ప్రెసిడెంట్‌గా వాళ్ళు కోరుకున్న రాబర్ట్ బెర్డాల్ వచ్చారు. లారివియర్ అడిగిన సొంత బోర్డు కూడా 2014లో వచ్చింది, ఆయన పదవి పోయాక.

టెక్సాస్‌లో సగం సగం. 2014 జులైలో టెక్సాస్ యూనివర్సిటీ ఆస్టిన్ క్యాంపస్ ప్రెసిడెంట్ బిల్ పవర్స్‌ను, రాజీనామా చేస్తారా, తీసేయించుకుంటారా అని క్యాంపస్‌లన్నిటికీ పైన ఉండే ఛాన్సలర్ అడిగారు. ఫ్యాకల్టీ కౌన్సిల్ హుటాహుటిన సమావేశానికి పిలుపునిచ్చి మద్దతుగా నిలిచింది. చివరికి 2015 జూన్ 2న దిగిపోయేలా రాజీ కుదిరింది. దాదాపు ఏడాది గడువు దొరికింది, పరువూ దక్కింది.

మా అనుభవం ఈ మూడోదానికి దగ్గర. యూనివర్సిటీ పేరు చెప్పను. నేను మా డిపార్ట్‌మెంట్ తరఫున సెనేట్‌లో ఉన్నాను. ఇలాంటి వార్తలు చాలాసార్లు వేసవిలోనే వస్తాయి, అధ్యాపకుల్లో సగం మంది ఊళ్ళో ఉండరు, కోరం చూసుకోవడమే పెద్ద టెన్షన్. మేం రాసిన మొదటి తీర్మానం నిండా ప్రెసిడెంట్ మీద పొగడ్తలే. ఆయనంటే గిట్టనివాళ్ళు క్యాంపస్‌లో తక్కువేం లేరు, బడ్జెట్ కోతల్లో పోస్టులు పోగొట్టుకున్న డిపార్ట్‌మెంట్లు ఎందుకు సంతకం పెడతాయి? అప్పుడు చరిత్ర విభాగంలో ఒక పెద్దాయన ఆ పొగడ్తలన్నీ కొట్టేసి ప్రశ్నలు మాత్రం ఉంచారు: ప్రెసిడెంట్ పనితీరు మీద లిఖితపూర్వకంగా మదింపు జరిగిందా, ఏ సమావేశంలో చర్చించారు, అధ్యాపకులను ఎవరినైనా అడిగారా. అంతే. ప్రెసిడెంట్‌ను వారం వారం తిట్టే మా పక్క గది ప్రొఫెసర్ కూడా సంతకం పెట్టాడు. "మనిషి కోసం కాదు, రేపు వచ్చేవాడికీ ఇదే గతి పడుతుంది కాబట్టి" అన్నాడు.

ప్రెసిడెంట్ నిలవలేదు. కానీ రాత్రికి రాత్రి పంపించడం ఆగింది, విద్యాసంవత్సరం పూర్తయ్యాక వెళ్ళారు. కొత్తవారిని ఎంచే కమిటీలో అధ్యాపకులకు మొదట ఇస్తామన్నదానికంటే ఎక్కువ స్థానాలు ఇచ్చారు. మాలో కొందరు దీన్ని ఓటమి అనే అంటారు. నేననను. కమిటీలో ఆ స్థానాలు లేకపోతే తర్వాత ఎవరిని తెచ్చిపెట్టేవారో ఊహించగలను.

పనిచేసిన ఇంకో విషయం డీన్ల లేఖ. అధ్యాపకులు అరవడం బోర్డుకు అలవాటే. బోర్డు తాను చెప్పింది చేయించుకోవాల్సింది డీన్లతోనే కాబట్టి, వాళ్ళు కదిలితే ఆలోచనలో పడుతుంది. వర్జీనియాలోనూ డీన్లు సల్లివాన్ వైపు నిలబడ్డారు.

మన దగ్గర నుంచి వచ్చినవాళ్ళకు ఇదంతా వింతగా ఉంటుంది. వీసీని వేసేదీ పైవాళ్ళే, దించేదీ పైవాళ్ళే, మధ్యలో మనకెందుకు అనుకుంటాం. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక చాలా యూనివర్సిటీల వీసీలు వరసగా రాజీనామా చేశారు, ఏ సెనేటూ వాళ్ళ కోసం అర్ధరాత్రి కూర్చోలేదు. అమెరికాలో ఇప్పటిదాకా తేడా ఉంది గానీ అది తగ్గుతోంది. అదే వర్జీనియా యూనివర్సిటీలో 2025 జూన్‌లో ప్రెసిడెంట్ జిమ్ రయన్, ఫెడరల్ న్యాయశాఖ ఒత్తిడి మధ్య రాజీనామా ప్రకటించారు. సెనేట్ మళ్ళీ బోర్డు మీద అవిశ్వాసం ప్రకటించింది. ఈసారి ఎవరూ వెనక్కి రాలేదు. ఒత్తిడి గవర్నర్‌కంటే పైనుంచి వస్తే సెనేట్‌కు పిలవడానికి ఇంకెవరూ మిగలరు.

ఇక మీ సంతకం సంగతి. టెన్యూర్ లేని మీరు బహిరంగ లేఖ మీద ముందు వరసలో పేరు పెట్టాల్సిన అవసరం లేదు, మీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ అలా ఆశించరు కూడా. ఆశిస్తే ఆ డిపార్ట్‌మెంట్ గురించి అది మీకు మంచి సమాచారం. మీ ఉద్యోగం పోతే వీసా కూడా చిక్కులో పడుతుంది, టెన్యూర్ ఉన్నవాళ్ళకు ఆ భయం లేదు కాబట్టి ముందు నిలబడాల్సింది వాళ్ళే. ఫ్యాకల్టీ సెనేట్‌లో మీ డిపార్ట్‌మెంట్ ప్రతినిధిని కలిసి, ఓటింగ్ రహస్య బ్యాలెట్‌తో పెట్టమని అడగండి. అది పెడితే మీలాంటివాళ్ళంతా ధైర్యంగా ఓటేస్తారు. లేఖ ప్రెసిడెంట్ మీద భజనలా ఉంటే పేరు పెట్టకండి. బోర్డు పాటించిన పద్ధతిని ప్రశ్నిస్తూ, నాలుగైదు వందల పేర్ల మధ్య మీ పేరొకటి అయితే, మీ స్థానంలో ఉంటే నేను పెడతాను.

ఒక జాగ్రత్త: స్టేట్ యూనివర్సిటీ ఈమెయిల్‌ను పబ్లిక్ రికార్డు కింద బయటివాళ్ళు అడగొచ్చు. వర్జీనియా బోర్డు సభ్యుల ఈమెయిళ్ళు బయటపడింది అలాగే. బోర్డు గురించి వ్యాఖ్యలు, పుకార్లు ఆఫీసు మెయిల్లో రాయకండి, నవ్వులాటకైనా సరే.

మీ బోర్డు సభ్యులను గవర్నర్ వేస్తారా, ఓటర్లు ఎన్నుకుంటారా, ఎంతమంది పదవీకాలం వచ్చే ఏడాదిలోపు ముగుస్తుంది అన్నది యూనివర్సిటీ సైట్‌లోనే ఉంటుంది. చూసి కింద రాయండి, మీ ప్రెసిడెంట్‌కు ఎంత అవకాశం ఉందో ఇంకాస్త సూటిగా చెప్పగలను.